గడియారం చూసి వెతకవలసిన హోటళ్లు

మా అక్కయ్య కొడుకు పన్నెండేళ్లుగా అమెరికాలో, ఒహాయో రాష్ట్ర రాజధాని అయిన కొలంబస్‌లో ఉంటున్నాడు. సంక్రాంతికి మూడు వారాల సెలవు మీద వచ్చినవాడు, శంషాబాదు విమానాశ్రయం నుంచి ఇంటికి వచ్చే దారిలోనే నాకొక షరతు పెట్టాడు. "మామయ్యా, నువ్వు ఎక్కడ తినిపించినా తింటాను గాని, ఊరంతా బ్రాంచీలున్న హోటల్‌కు మాత్రం తీసుకువెళ్లవద్దు" అన్నాడు. ఆ షరతు వెనుక అతను ఉంటున్న ఊరి కథ ఉంది. తొమ్మిది లక్షల పైచిలుకు జనాభా ఉన్న కొలంబస్ గొలుసు హోటళ్లకు పుట్టినిల్లు వంటిది. వెండీస్ బర్గర్ల మొదటి దుకాణం 1969లో తెరిచింది అక్కడే, వైట్ కాసిల్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్నదీ అక్కడే; కొత్త తినుబండారాన్ని దేశమంతటా అమ్మకానికి పెట్టబోయే ముందు ఆ ఊరి జనానికి రుచి చూపించి, వాళ్లు సరేనంటేనే ముందుకు పోవడం ఆ వ్యాపారంలో చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. అటువంటి చోట ఒక కుటుంబం నడుపుకునే సొంత హోటల్‌ను పట్టుకోవడానికి మావాడు తనకంటూ ఒక పద్ధతి ఏర్పరచుకున్నాడు. ఊరి నడిబొడ్డున మెరిసే వీధులను వదిలేసి, శివారు రోడ్ల వెంట కార్ల పార్కింగు చుట్టూ వరసగా ఉండే చిన్న దుకాణాల దగ్గరకు వెళ్తాడు. అక్కడ సోమాలియావాళ్లదో, నేపాలీలదో, మెక్సికోవాళ్లదో కిరాణా కొట్టు కనిపిస్తే, దానిని ఆనుకుని ఉన్న తలుపు తీస్తాడు. ఆ కొట్టులో పప్పులూ మసాలాలూ కొనుక్కునేవాళ్లు ఎక్కడ తింటారో అక్కడే అసలైన వంట దొరుకుతుందని అతని అనుభవం.

ఆ పద్ధతి హైదరాబాదులో ఎంతవరకు పనిచేస్తుందో చూద్దామని ఇద్దరం బయలుదేరాము. మూడు వారాలు తిరిగిన తరువాత నాకు స్థిరపడిన అభిప్రాయం వేరు. ఈ ఊళ్లో మంచి సొంత హోటల్‌ను చిరునామాతో వెతకడం కంటే గడియారంతో వెతకడం మేలు. ఇక్కడ బాగా వండే ప్రతి చోటుకూ ఒక వేళ ఉంటుంది. ఆ వేళకు వెళ్తే అదే లోకం, రెండు గంటలు ఆలస్యమైతే అదొక మామూలు గది. మూడు వారాల తిరుగుడులో మేము తిన్నవాటి సమీక్షను ఆ వేళల ప్రకారమే రాస్తున్నాను.

అంతకు ముందు సొంత హోటల్ అంటే ఏమిటో కొంత తేల్చుకోవాలి, ఎందుకంటే మా ఇద్దరికీ మొదటి వాదన అక్కడే వచ్చింది. హైదరాబాదులో ఒక హోటల్ నిలదొక్కుకుంటే దానికి పిల్లలు పుట్టడం రివాజు. 1953లో సికింద్రాబాదులో సినిమా హాలు పక్కన చిన్నగా మొదలైన ప్యారడైజ్ ఇవాళ అనేక నగరాలలో కనిపిస్తుంది. నీలోఫర్ ఆసుపత్రి దగ్గర చాయ్‌తో మొదలైన కేఫ్ నీలోఫర్‌కు ఇప్పుడు అంతస్తుల మేడలున్నాయి. ఇవి చెడ్డవని నేననను, మావాడి షరతు పరిధిలోకి రావు, అంతే. దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని బావర్చీ. తమకు మరెక్కడా బ్రాంచీలు లేవని వాళ్లు చెప్పుకోవలసి రావడమే ఆ హోటల్ కీర్తికి కొలమానం, ఎందుకంటే బావర్చీ అంటే వంటవాడు అన్న సామాన్యమైన మాట కావడంతో, తెలంగాణ రహదారుల పొడవునా ఎవరికి వారు ఆ పేరు తగిలించుకున్నారు. అమెరికాలో కూడా ఆ పేరు గల బిర్యానీ హోటళ్లున్నాయని మావాడే చెప్పాడు. చివరకు మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాము. యజమానో, వారి ఇంటివారో గల్లాపెట్టె దగ్గర కూర్చుని, కూరలో ఉప్పెక్కువైతే ఆ మాట వాళ్లతోనే చెప్పుకునే వీలున్న చోటును సొంత హోటల్‌గా లెక్కించాము. రెండో దుకాణం ఉన్నంత మాత్రాన ఎవరినీ వెలివేయలేదు.

మొదటి వేళ తెల్లవారుజాము. నయాపూల్ దాటి పాతబస్తీలోకి అడుగుపెట్టేసరికి ఆరు కావస్తూ ఉంది, జనవరి చలికి మఫ్లర్లు చుట్టుకున్న ఆటోవాళ్లు నయాబ్ హోటల్ ముందు నిలబడి ఉన్నారు. ఆ వేళకు అక్కడ అడగవలసింది నహారీ. అరబ్బీలో నహార్ అంటే పగలు. పగటి మొదటి తిండి కనుక ఆ పేరు. హైదరాబాదీ నహారీలో మేక కాళ్లు, నాలుక పడతాయి, రాత్రంతా సన్నని సెగ మీద ఉడికి, పొద్దున గిన్నెలో పోసేసరికి పులుసు పెదవులకు అంటుకునేంత జిగురుగా ఉంటుంది. మదీనా దగ్గరి షాదాబ్‌లో కూడా ఉదయం పూట నహారీ, పాయా దొరుకుతాయి, మధ్యాహ్నం ఆ హోటల్‌కు బిర్యానీ కోసం వెళ్లేవారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. నాకు మాత్రం నహారీ కంటే ఖిచ్డీ, ఖీమా, ఖట్టా కలిసిన పళ్లెం మీదే మనసు. ఎర్ర కందిపప్పు, పసుపు వేసి పొడిపొడిగా వండిన ఖిచ్డీ, పక్కన మాంసం ఖీమా, వాటి మీద నువ్వులూ చింతపండూ నూరి పలుచగా కలిపిన ఖట్టా. మన పచ్చిపులుసుకు అది దూరపు చుట్టమని ఎప్పుడూ అనిపిస్తుంది. మావాడు మొదట ఖట్టాను పక్కన పెట్టి తిన్నాడు, తరువాత గిన్నె మొత్తం పళ్లెంలో వంపుకున్నాడు. ఎనిమిదిన్నరకు అక్కడికి చేరిన ఒక కుటుంబానికి ఖీమా అయిపోయిందన్న జవాబు వచ్చింది.

మరో రోజు ఇంకా ముందే లేచి మొజంజాహీ మార్కెట్ దగ్గరి రామ్ కీ బండీకి వెళ్లాము. చీకటి ఉండగానే పెనం వేడెక్కే ఆ బండి దగ్గర వెన్న ముద్దలు కరిగి దోసె అంచుల మీదుగా జారుతుంటాయి. రాత్రి ఉద్యోగాల నుంచి ఇళ్లకు పోయేవారు, తెల్లారి రైలెక్కవలసినవారు, ఏ పనీ లేక తిరిగే కుర్రాళ్లు, అందరూ ఒకే పెనం చుట్టూ నిలబడతారు. దోసె ఒక్కటి తింటే చాలు, రెండోది ఆ వెన్న బరువుకు సాగదు. 1935లో కట్టిన మార్కెట్ గుమ్మటాన్ని మరమ్మతుల తరువాత దీపాల వెలుగులో చూడటం దోసెతో పాటు ఉచితంగా దొరికే లాభం.

మధ్యాహ్నపు వేళ గురించి కొంచెం ఎక్కువగానే రాస్తాను, ఎందుకంటే హైదరాబాదులో సొంత వంటకు మిగిలిన గట్టి ఆసరా మెస్ అని నా నమ్మకం. దీనికి కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం అమీర్‌పేటకు, ప్రభుత్వ ఉద్యోగ పరీక్షల కోసం అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాలకు ఏటా వేలాది మంది పిల్లలు జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో, అద్దె గదులలో ఉంటారు. వాళ్లకు రోజూ రెండు పూటలా అన్నం కావాలి, డబ్బు చేతిలో అంతంతమాత్రం, నెల తిరగకుండా విసుగు పుట్టకూడదు. రోజూ వచ్చే మనిషికి వండేవాళ్లు మసాలాతో మోసం చేయలేరు. ఒక్క రోజు నిల్వ పప్పు పెడితే రేపటికి ఇరవై కుర్చీలు ఖాళీ అవుతాయి. ఒక్కసారి వచ్చి ఫోటో తీసుకుని వెళ్లేవాడి కోసం నడిచే హోటల్‌కు ఈ భయం ఉండదు.

చిక్కడపల్లి గ్రంథాలయానికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక పాత మేడ కింది భాగంలో అలాంటి మెస్ ఒకటి ఉంది. మేము మొదటిసారి వెళ్లినప్పుడు షట్టర్ దించి ఉంది, దాని మీద గళ్ల నోట్‌బుక్ కాగితం అంటించి ఉంది. "పండగకు ఊరికి వెళ్లుచున్నాము. 19వ తేదీ నుండి మెస్ ఉండును" అని నీలం సిరాతో రాసిన ఆ కాగితాన్ని చూసి మావాడు ముచ్చటపడి ఫోటో తీసుకున్నాడు. సంక్రాంతికి ఈ ఊరు సగం ఖాళీ అవుతుందని, వండేవాళ్లూ తినేవాళ్లూ ఒకే బస్సుల్లో పోతారని అతనికి గుర్తు చేయవలసి వచ్చింది. పందొమ్మిదిన పన్నెండుంబావుకు మళ్లీ వెళ్లాము. అప్పటికే గుమ్మం బయట పది మంది, చంకలో గైడ్ పుస్తకాలు, చేతుల్లో ఫోన్లు.

లోపల పొడవాటి రాతి బల్లలు నాలుగు, ఒక్కో బల్లకు ఏడుగురు. కూర్చోగానే అరటి ఆకు కాదు, ఆకు ఆకారంలో కత్తిరించిన కాగితం పరిచిన స్టీలు పళ్లెం వస్తుంది. ఇది నాకు నచ్చని విషయం, ఆ మాట వాళ్లకే చెప్పాను. వడ్డించే కుర్రవాడు మొదట ఎడమ పక్కన ఆవకాయ గుజ్జు ఒక వేలి కొసంత, దాని పక్కన కందిపొడి, ఆపైన బెండకాయ వేపుడు, గోంగూర పప్పు వేసి, అన్నం పెట్టి, మనం కలపడం మొదలుపెట్టే వరకు నెయ్యి చెంచాతో అక్కడే నిలబడతాడు. పొడిలో నెయ్యి వేస్తాడు గాని పప్పులో అడిగితే తప్ప వేయడు, అదేమి నియమమో మరి. ఆ రోజు పప్పు గురించి చెప్పాలి. గోంగూర ఆకు మెత్తగా కలిసిపోకుండా నాలుకకు తగులుతూ ఉంది, పులుపు ముందు వచ్చి పచ్చిమిర్చి ఘాటు తరువాత వచ్చింది, వెల్లుల్లి పోపు అప్పుడే పెట్టినట్టు ఇంకా చిటపటమంటున్న వాసన. బెండకాయ ముక్కలు జిగురు లేకుండా, అంచులు మాత్రమే వేగి, లోపల పచ్చగా ఉన్నాయి. ఇరవై ఎనిమిది మందికి ఒకేసారి వండి కూడా బెండకాయకు జిగురు రానివ్వకపోవడం చిన్న పని కాదు. ముక్కలు కోసే ముందు కాయలను తుడిచి ఆరబెడతామని, బాండీలో ఒక్కసారే ఎక్కువ పోయమని, రెండో వాయి కోసం జనం ఆగవలసిందేనని గల్లా దగ్గర కూర్చున్న పెద్దావిడ చెప్పారు.

ఆవిడది పాలకొల్లు వైపు. వంట ఆవిడ చెల్లెలిది, లెక్క ఆవిడది. గల్లా పక్కన గోడకు పలక ఒకటి వేలాడుతూ ఉంటుంది, అందులో ఆ రోజు కూరలు సుద్దముక్కతో రాస్తారు, అయిపోయినదాన్ని తడిగుడ్డతో తుడిచేస్తారు. ఒంటి గంటకు వేపుడు తుడిచేశారు. ఒంటి గంటా నలభైకి పప్పు పోయింది. రెండుంబావుకు పలక మీద పెరుగు ఒక్కటే మిగిలింది, అది చూసి తలుపు దగ్గర నిలబడ్డ ఒక పిల్లవాడు "అమ్మా, పచ్చడి ఉంటే చాలు" అని లోపలికి వచ్చి కూర్చున్నాడు. నూట ఇరవై రూపాయలకు ఇంతటి భోజనం ఎలా పెడుతున్నారని మావాడు అడిగాడు. "మిగిలితేనే నష్టం బాబూ, మిగలనివ్వం" అన్నారావిడ. సాంబారు మాత్రం నాకు పలుచగా తోచింది. పెరుగు బాగుంది, పులవని గడ్డపెరుగు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అనుభవం మాకు ఇంట్లో కూర్చుని ఎదురైంది. ఒక ఆదివారం వాన పడుతుంటే, బయటకు వెళ్లే ఓపిక లేక, ఫోనులో భోజనం తెప్పించుకున్నాము. నాకు అమ్మచేతి వంటను తలపించే పేరున్న ఒక చోటు నుంచి పప్పుచారు, వంకాయ కూర. మావాడికి పల్లెటూరి వాసన కొట్టే మరో పేరుతో ఉన్న చోటు నుంచి నాటుకోడి పులుసు, సంగటి. రెండు పేర్లకూ నాలుగుకు పైగా నక్షత్రాలున్నాయి. ఇద్దరి పొట్లాలూ కొద్ది నిమిషాల తేడాతో వచ్చాయి, రెండు కూరల్లోనూ ఒకే అల్లం వెల్లుల్లి ముద్ద, ఒకే మిఠాయి రంగు, వంకాయ కూరలో కోడి పులుసు మసాలా. తిన్న తరువాత మావాడు రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి చూశాడు. 2022 జనవరి నుంచి ఆహార వ్యాపారులు బిల్లు మీద దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్సు నంబరును తప్పనిసరిగా ముద్రించాలన్న నిబంధన ఉంది. పద్నాలుగు అంకెలున్న ఆ నంబరు రెండు బిల్లుల మీదా ఒక్కటే. ఆ లైసెన్సు వండే చోటుకు సంబంధించినది, బోర్డు మీది పేరుకు కాదు, కనుక ఒకే వంటగది నాలుగు పేర్లతో అమ్ముకోవడానికి అడ్డేమీ లేదు. చట్టం ప్రకారం తప్పు కాకపోవచ్చు గాని, అమ్మా పల్లెటూరూ ఒకే పొయ్యి మీద ఉడుకుతున్నాయని తెలిసిన తరువాత నాకు తిన్నది అరగలేదు.

అప్పటి నుంచి నాకొక అలవాటు అబ్బింది. ఏ పేరైనా కొత్తగా కనిపిస్తే ముందు బిల్లు మీది అంకెలు చూస్తున్నాను, తరువాత ఆ చోటుకు కుర్చీలున్నాయో లేదో కనుక్కుంటున్నాను. కుర్చీలు లేని హోటల్ అంతా చెడ్డదని కాదు, దాని సంగతి వేళ చెప్పదు. పొద్దున పదకొండుకూ రాత్రి పదకొండుకూ అన్నీ దొరుకుతాయనే చోట ఏది ఎప్పుడు వండారో మనకు తెలిసే దారి లేదు. ఫోనులో తెప్పించుకోవడం వల్ల మనం పోగొట్టుకున్నది ఆ వేళే.

సాయంత్రం నాలుగు ఇరానీ హోటళ్ల వేళ. ఇరాన్ నుంచి బొంబాయి, పూణే మీదుగా ఈ ఊరికి చేరినవాళ్లు తెరిచిన ఈ హోటళ్లు చాలా వరకు వీధి మూలల్లో ఉంటాయి. మూల దుకాణం కలిసిరాదని ఇతర వ్యాపారులు వదిలేసిన చోట్లు వాళ్లకు దక్కాయని అంటారు. పాలరాతి బల్లలు, వంపు చేతుల కుర్చీలు ఉన్న పాత హోటళ్లు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. చార్మినార్ పక్కన 1993లో మొదలైన నిమ్రా వాటి మధ్య చిన్నదే గాని, చాయ్ వరకు ఇవాళ్టికీ అక్కడికే వెళ్తాను. మూత బిగించిన పాత్రలో డికాక్షన్ సన్నని సెగ మీద మగ్గుతుంది, పాలు వేరే పాత్రలో చిక్కబడే వరకు మరుగుతాయి, కప్పులో మాత్రమే రెండూ కలుస్తాయి. డికాక్షన్ తక్కువగా, పాలు ఎక్కువగా కావాలంటే పౌనా అని అడగాలి. ఉస్మానియా బిస్కెట్ అప్పుడే బట్టీ నుంచి దించినదైతే చాయ్‌లో ముంచకూడదు, విరిగి అడుగుకు పోతుంది. కొంత చల్లారినది తీసుకోవాలి. మావాడు రెండు బిస్కెట్లు పోగొట్టుకుని మరీ ఈ పాఠం నేర్చుకున్నాడు. సికింద్రాబాద్ స్టేషన్ ఎదుటి ఆల్ఫాలో చాయ్ తాగి రైలెక్కడం మా నాన్నగారి కాలం నాటి అలవాటు, దానిని కూడా ఒక పూట తీర్చుకున్నాము.

మావాడి కొలంబస్ పద్ధతి సరిగ్గా పనిచేసిన చోటు ఒకటుంది, అది బార్కస్. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్‌లు ఉన్న ప్రాంతం కనుక ఆ మాటే నోళ్లలో నలిగి బార్కస్ అయింది. అక్కడి బజారులో లుంగీలు, ఖర్జూరాలు, అత్తరు అమ్మే దుకాణాల వెంట నడిచి, ఒక మండీ హోటల్‌లోకి వెళ్లాము. చెప్పులు విప్పి తివాచీ మీద కూర్చోవాలి, నలుగురికి ఒకే పెద్ద పళ్లెం, అందులో పొడవాటి బియ్యం మీద మెత్తగా ఉడికిన మాంసం. బిర్యానీ మసాలాకు అలవాటుపడిన నాలుకకు ఇది మొదట చప్పగా ఉంటుంది, నాలుగో ముద్దకు గాని మాంసం రుచి తెలియదు. అద్దాల మేడల్లో మండీ అమ్మే హోటళ్లు ఇప్పుడు ఊరంతా ఉన్నాయి, వాటిలో కొన్నింటిలో కారం కలిపి ఇస్తారు. తేడా తెలియాలంటే బార్కస్ వరకు పోవాలి. రాత్రి తొమ్మిది దాటాక పోతే మేలు.

చీకటి పడే వేళకు మా వీధి మలుపులో జొన్నరొట్టెలు చేసే ఒకావిడ కూర్చుంటుంది. ఆ చోటుకు పేరు లేదు, బోర్డు లేదు, మ్యాపులో గుర్తు లేదు. వేడినీళ్లతో కలిపిన పిండి ముద్దను పీట మీద పెట్టి, అరచేత్తో తట్టుకుంటూ తిప్పుతుంది. తట్టు తట్టుకూ రొట్టె వేలెడంత వెడల్పవుతుంది, అంచు పగిలితే తడి వేలితో అతికేస్తుంది. పెనం మీద వేశాక పైన నీళ్ల చెయ్యి రాస్తుంది, ఆ తడి ఆరగానే తిరగేస్తుంది. రొట్టె ఉబ్బి ఆవిరి బయటకు తన్నినప్పుడు ఆవిడ ముఖంలో ఏ మార్పూ ఉండదు, మనకే సంతోషం. కూర ఆవిడ అమ్మదు. అందుకు పది అడుగుల అవతల కర్రీ పాయింట్ ఉంది. అన్నం ఇంట్లో వండుకుని కూరలు మాత్రం కొనుక్కుపోయే ఈ ఏర్పాటు హైదరాబాదు ఉద్యోగస్తుల ఇళ్లను ఎన్నేళ్లుగానో నిలబెడుతోంది. అక్కడ కుర్రవాడు ప్లాస్టిక్ సంచిలోకి గరిటెతో తోటకూర పప్పు పోసి, గాలి నిలిచేలా మెలిపెట్టి, దారంతో మూడు చుట్లు చుట్టి ముడి వేసే వేగం చూడవలసినదే. వేడి కూర ప్లాస్టిక్‌లో పోయడం నాకు ఇష్టం లేదు గనుక ఇంటి నుంచి స్టీలు గిన్నె తీసుకుపోతాను, ఆ గిన్నెకు ఎప్పుడూ ఒక గరిటె ఎక్కువే పడుతుంది. ఏడున్నర లోపల వెళ్తే కూరలన్నీ ఉంటాయి, ఎనిమిదిన్నరకు బంగాళదుంప, సాంబారు.

శుభ్రత సంగతి ఎత్తకపోతే ఈ సమీక్ష సగమే అవుతుంది. 2024లో రాష్ట్ర ఆహార భద్రతా అధికారులు హైదరాబాదు హోటళ్లలో వరుసగా తనిఖీలు చేసినప్పుడు, పెద్ద పేర్లూ చిన్న పేర్లూ అన్న తేడా లేకుండా లోపాలు బయటపడ్డాయి. అదే ఏడాది అక్టోబరు చివరలో పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. కాబట్టి గాజు తలుపులను చూసి నమ్మడానికీ లేదు, బండిని చూసి భయపడడానికీ లేదు. నేను చూసేవి మూడే సంగతులు. వంట కనబడుతుందా, నూనె రంగు ఏమిటి, చేతులు కడుక్కునే చోట నీళ్లు వస్తున్నాయా. జొన్నరొట్టెలావిడ వంట మొత్తం మన కళ్ల ముందే జరుగుతుంది, అందులో దాచడానికి ఏమీ లేదు.

మావాడికి దక్కనిది హలీమ్. రంజాన్ నెల రాకముందే అతని తిరుగు ప్రయాణం. గోధుమ, మాంసం కలిపి బట్టీల మీద గంటల తరబడి ఉడకబెట్టి, పొడవాటి కర్రలతో నూరి తీసే హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన దేశంలో అది పొందిన మొదటి మాంసాహార వంటకం అదే. యునెస్కో 2019లో ఈ ఊరిని వంటల సృజన నగరాల జాబితాలో చేర్చింది కదా, మరి హలీమ్ ఏడాది పొడవునా పెట్టవచ్చు కదా అని మావాడు వాదించాడు. కొన్ని చోట్ల పెడతారు కూడా. నేను తినలేదు, తినను. పగలంతా ఉపవాసమున్న వీధి సాయంత్రం ఒక్కసారిగా లేచి గిన్నెలు పట్టుకుని బట్టీ దగ్గరకు వచ్చే ఆ వేళ లేకుండా హలీమ్‌లో నాకు రుచి కనిపించదు. ఇది నా చాదస్తమే కావచ్చు.

వెళ్లిపోయే ముందు రోజు మావాడు మళ్లీ చిక్కడపల్లి మెస్‌కే వెళ్దామన్నాడు. ఈసారి పన్నెండు గంటలకే గుమ్మం ముందు ఉన్నాము. పెద్దావిడ అతన్ని గుర్తుపట్టి, "ఇంకా వెళ్లలేదా అమెరికాకి" అని పలకరించి, పలక మీద రాయని కాకరకాయ కారం ఒక గరిటె వేయించారు. భోజనం అయ్యాక మావాడు ఫోను తీసి, మెస్ పేరు, చోటు మ్యాపులో పెట్టి, ఫోటోలతో నాలుగు మాటలు రాస్తానని ఉత్సాహంగా అన్నాడు. ఆవిడ గల్లాపెట్టె మూత వేసి, "వద్దు బాబూ. ఇప్పుడొచ్చే పిల్లలకే చాలడం లేదు. నువ్వు రాస్తే కార్లలో వాళ్లొస్తారు, వీళ్లకు కుర్చీ దొరకదు" అన్నారు. అందుకే ఆ మెస్ పేరు నేనూ రాయడం లేదు. గ్రంథాలయం దగ్గర పుస్తకాలు పట్టుకున్న ఏ పిల్లవాడిని అడిగినా చూపిస్తాడు. పన్నెండుంబావుకు తెరుస్తారు, ఆదివారం సెలవు, గోంగూర పప్పు గురువారం మాత్రమే ఉంటుంది. ఒంటి గంట దాటాక వెళ్లేవారు బెండకాయ వేపుడు మీద ఆశ వదులుకోవాలి.